అమెరికాలో డేకేర్, స్కూలు: తొమ్మిదేళ్ళు వాడాక నా రివ్యూ

టెక్సస్‌లో డాలస్ పక్కన ఉంటాం, మా ఇద్దరివీ ఉద్యోగాలే. పాప 2016 సెప్టెంబర్‌లో పుట్టింది, బాబు 2020 జూన్‌లో. కొత్తగా పిల్లలు పుట్టిన ఫ్రెండ్స్ అందరూ అడిగిందే అడుగుతున్నారని ఒక్కసారే రాసి పడేస్తున్నా.

ముందు లీవు సంగతి. 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ ఆ కంపెనీలో ఏడాది పనిచేసి ఉంటేనే. జీతం ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, నాది కాదు. అందుకే పాపకి మూడు నెలలు నిండీ నిండగానే డేకేర్. ఆ సీటు కోసం నాకు ఐదో నెలప్పుడే 100 డాలర్లు కట్టి వెయిట్‌లిస్టులో ఎక్కించాం, ఇంకా పేరు కూడా పెట్టని పిల్లని! నెలకి 1,350, మా అపార్ట్‌మెంట్ అద్దెకి ఓ యాభై తక్కువ. టెక్సస్‌లో ఏడాదిలోపు పిల్లలైతే నలుగురికి ఒక టీచర్ ఉండాలని రూలు, అందుకే అంత రేటు. పోనీ ఆ డబ్బు టీచర్లకి పోతోందా అంటే వాళ్ళ జీతాలు అంతంతమాత్రం, ఒక్క ఏడాదిలో మా పాప రూములో ముగ్గురు మారారు, పిల్ల ఒకళ్ళకి అలవాటు పడేలోపు ఇంకొకళ్ళు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది జ్వరం రూలు. 100.4 ఉంటే ఫోన్ వస్తుంది, గంటలో వచ్చి తీసుకెళ్ళాలి, మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే మళ్ళీ రానిస్తారు. మొదటి చలికాలం అంతా ఇదే గోల, రాని రోజులకి కూడా ఫీజు మాత్రం ఫుల్లు. సాయంత్రం ఆరు దాటితే నిమిషానికో డాలరు. ఇంకోటి ఇన్సిడెంట్ రిపోర్ట్. ఓ రోజు పాప చేతి మీద పంటి గాట్లు, కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, కొరికిందెవరో మాత్రం చెప్పరట. నాలుగు రోజులు ఆ రూములో ప్రతి పిల్లాణ్ణీ అనుమానంగా చూశా. తర్వాతి నెల ఇంకో కాగితం వచ్చింది, ఈసారి కొరికింది మా పిల్లే. పేర్లు చెప్పకపోవడం ఎంత మంచి రూలో అప్పుడు తెలిసొచ్చింది.

ట్యాక్స్ విషయానికొస్తే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ అని డేకేర్ ఖర్చుకి జీతంలోంచి పన్ను పడకుండా ఏడాదికి 5,000 దాకా పక్కన పెట్టుకోనిచ్చేవారు, 2026 నుంచి 7,500 చేశారు. మాకు నాలుగు నెలల్లో అయిపోయేది. ఒకటో క్లాసుకి ముందుండే కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండాలి, మా పాప పుట్టింది 12న. పదకొండు రోజుల తేడాకి ఇంకో ఏడాది డేకేర్ ఫీజు కట్టాం.

ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. టెక్సస్‌లో నాలుగేళ్ళు నిండి ఇంగ్లీష్ రాని పిల్లలకి గవర్నమెంట్ స్కూల్లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు) ఫ్రీ, మన జీతం ఎంతన్నది చూడరు, 2019 చట్టం నుంచి ఫుల్ డే కూడా. చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫామ్ ఇస్తారు, తెలుగు అని రాస్తే పిల్లల్ని ఎక్కడ వెనక్కి నెట్టేస్తారో అని మనవాళ్ళు చాలామంది ఇంగ్లీష్ అని రాసేస్తారు. పాపకి మేమూ అదే చేశాం. బాబు కథ వేరు. వాడు పుట్టినప్పుడు కోవిడ్, ఇండియా నుంచి ఎవరూ రాలేకపోయారు, 2022 నుంచి మాత్రం అమ్మ ఓ ఆరు నెలలు, అత్తయ్య ఓ ఆరు నెలలు వంతులేసుకుని పెంచారు, వాడి నోట్లో తెలుగు తప్ప ఇంకేం ఉండేది కాదు. ఈసారి ఫామ్‌లో ఉన్నదున్నట్టు రాశాం. ఇంగ్లీష్ టెస్టులో బొమ్మ చూపించి ఏంటిదంటే "ఉడత" అన్నాడట. సీటొచ్చింది.

స్కూలు మొదలయ్యాక ఫీజు లేదు, అంటే ప్రాపర్టీ ట్యాక్స్‌లో కట్టేదే. అడ్రస్‌ని బట్టి స్కూలు కాబట్టి మనవాళ్ళు కిచెన్ కన్నా ముందు స్కూల్ రేటింగ్ చూసి ఇల్లు కొంటారు. చదువు మాత్రం నాకు బాగా నచ్చింది. ర్యాంకుల్లేవు, మా పాప రెండో క్లాసులో తాబేళ్ళ మీద సొంతంగా పుస్తకం రాసి స్టేపుల్ కొట్టి తెచ్చింది. అదే పిల్ల ఓ సాయంత్రం లాక్‌డౌన్ డ్రిల్ (స్కూల్లోకి ఎవడైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో చేయించే ప్రాక్టీసు) గురించి, "లైట్లు ఆపేసి మూల కూర్చున్నాం, నేను అస్సలు మాట్లాడలేదు తెల్సా" అని గొప్పగా చెప్పింది. ఏమనాలో తెలీక అన్నం కలుపుతూ ఉండిపోయా.

ఇక టైము. స్కూలు 2:50కే వదిలేస్తారు, ఆఫీసేమో ఐదింటి దాకా. ఇల్లు రెండు మైళ్ళ లోపే కాబట్టి మాకు బస్సు లేదు, స్కూలయ్యాక సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్ స్కూల్‌కి ఇద్దరికీ కలిపి నెలకి మళ్ళీ 600. మధ్యలో టీచర్ వర్క్ డే అని ఓ శుక్రవారం సెలవు. ఇంట్లో ఎవరో ఒకళ్ళు ఖాళీగా ఉంటారనే లెక్కతో పెట్టినట్టుంది ఇదంతా. వేసవైతే పదకొండు వారాలు, పిల్లల్ని పగలంతా ఉంచుకునే సమ్మర్ క్యాంపులకి జనవరిలోనే ఎగబడాలి. ఈసారి నా ఎక్సెల్ షీట్‌లో ఎనిమిది వారాలు నిండాయి, మూడు ఖాళీ. నాన్నకి మోకాలి ఆపరేషన్, అమ్మ రాలేనంటోంది. అత్తయ్యకి ఫోన్ చెయ్యాలి, ఇంకా చెయ్యలేదు.