ఐసు దొరకని రాత్రే బాగుంది: అనంతపురం, గండికోట, కడప

బావమరిది రెండేళ్ల తర్వాత అమెరికా నుంచి వస్తున్నాడంటే బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పోయి తీసుకురావడం నా వంతు. దిగీ దిగగానే "నేరుగా కర్నూలు పోతే అక్క నన్ను చుట్టాలిళ్లన్నీ తిప్పుతుంది బావా. మూడు రాత్రులు దారిలో ఆగి పోదాం" అన్నాడు. వాడి చేతిలో డ్యూటీ ఫ్రీ సంచి చూశాక నాకూ ఆగాలనే అనిపించింది.

బయటి నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే మందు మనిషికి రెండు లీటర్లే. వాడు లీటరు గ్లెన్‌ఫిడిక్ పన్నెండేళ్లది, ఇంకోటి అమృత్ ఫ్యూజన్ తెచ్చాడు, రెండూ విస్కీలే. ఒకటి స్కాట్లాండుది, ఒకటి బెంగళూరుది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని వాడి సరదా. కొడికొండ చెక్‌పోస్టు వచ్చేదాకా బిల్లును పర్సులో నాలుగుసార్లు తడిమి చూసుకున్నాడు. ఎవరూ ఆపలేదు. డ్రైవర్ అన్న తాగడు, ఆ విషయం బండి మాట్లాడుకునేటప్పుడే ఖాయం చేసుకున్నాను. మేము కూడా గదికి చేరాకే మూత తీయాలి, పగలు ముట్టకూడదు అని ఒప్పందం.

లేపాక్షి నంది దగ్గర అరగంట, పెనుకొండ దాటాక టీ, చీకటి పడేసరికి అనంతపురం.

గది టవర్ క్లాక్‌కు నడిచే దూరంలో, పద్దెనిమిది వందలకు ఏసీ. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, అంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు. గదిలో తాగడానికి ఒప్పుకోమని రిసెప్షన్ అబ్బాయి ముందే చెప్పాడు. నాకు అది నచ్చింది, దాచిపెట్టి తాగాల్సిన టెన్షన్ లేదు. సీసాలు సూట్‌కేసులోనే ఉంచి కిందికి దిగి ఒక బార్‌కు పోయాం.

పేరు రాయను గానీ ఆ బార్‌లో రెండు సంగతులు చూశాను. ఏసీ సెక్షన్ అని వేరే రేటు, ఏసీ మాత్రం మా టేబుల్ దాకా రాలేదు. అది సర్దుకోవచ్చు. రెండోది ఐసు. విస్కీ నైన్టీ, అంటే తొంభై మిల్లీలీటర్ల చిన్న సీసా, చెప్పాం, వెయిటర్ స్టీలు గిన్నెలో ఐసు తెచ్చాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే పచ్చికోడి వాసన. బావమరిది ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. చికెన్ పెట్టిన ఫ్రిజ్‌లోనే ట్రేలు మూత లేకుండా పెట్టినట్టున్నారు. మార్చమంటే "ఐసంతా ఇదే సార్, కూల్ వాటర్ ఉండాది, తెచ్చేదా?" అన్నాడు. పాపం, వాడి తప్పు కాదు.

ఒక పని మాత్రం మేలు చేసింది. విడిగా పెగ్గు పోయమనకుండా సీలు తీయని నైన్టీ అడిగాం. కొలత పేచీ లేదు, లోపల ఏముందనే అనుమానమూ లేదు. కొత్త ఊళ్లో బార్‌కు పోయే ఎవరికైనా నేనిదే చెబుతాను.

నంజుకోడానికి ఉడికించిన చెనిక్కాయలు వచ్చాయి, తొక్కతోనే, ఉప్పు లోపలికి దిగి. అనంతపురంలో అవి బాగుండకపోతేనే ఆశ్చర్యపోవాలి. విస్కీ పక్కన పెట్టేసి రెండు ప్లేట్లు తిన్నాం.

మరుసటి రోజు గుత్తి మీదుగా పోకుండా నేరుగా తాడిపత్రి పట్టాం. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతిరథం చూసి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గోపురం కింద కాసేపు కూచున్నాం. ఆ రాతిలో చెక్కిన లతలు చూస్తుంటే బావమరిది ఫోన్ లోపల పెట్టేశాడు. వాడి విషయంలో అది పెద్ద సంగతే. ఊరు దాటేముందు బ్రాందీ షాపులో ఓల్డ్ మాంక్ రమ్ము హాఫ్ బాటిల్ తీసుకున్నాం. మా వైపు అందులో ఏం అమ్మినా అది బ్రాందీ షాపే. 2019 నుంచి 2024 అక్టోబరు దాకా షాపులన్నీ ప్రభుత్వమే నడిపిన రోజుల్లో తెలిసిన పేరు ఒకటి దొరికితే పండగ. ఇప్పుడు మళ్లీ ప్రైవేటువాళ్ల చేతికొచ్చాక అరల్లో పాత మొహాలు కనిపిస్తున్నాయి. కౌంటర్ దగ్గర జనం మాత్రం 99 రూపాయల క్వార్టర్ సీసా కోసమే చేతులు చాస్తున్నారు.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూసి సూర్యుడు దిగే వేళకు లోయ అంచుకు చేరాం. ఆ ఎర్రరాళ్ల మీద సీసాలు పెట్టుకుని కూచున్న గుంపులు రెండు కనిపించాయి. పగిలిన గాజు ముక్కలు అడుగడుగునా. చెప్పులు లేని పిల్లలు తిరిగే చోటు అది. రక్షిత కట్టడంలో తాగకూడదన్న రూలు సంగతి అటుంచినా, అంత లోతు లోయ అంచున తూలడం ఏం సరదానో నాకర్థం కాలేదు.

మేము దిగింది కోటకు బయట, పొలంలో వేసిన టెంట్లలో. ఫోన్‌లో మాట్లాడినప్పుడు "ఫ్రిజ్, ఐసు, క్యాంప్ ఫైర్, అన్నీ ఉంటాయి సార్" అన్నాడు. పోయి చూస్తే ఫ్రిజ్ ఉంది, కరెంటు లేదు. జనరేటర్ ఉంది, డీజిల్ అయిపోయింది. రాత్రి తొమ్మిదింటికి వస్తుందన్న భోజనం పదిన్నరకు వచ్చింది. ఇద్దరికి మూడు వేల రెండు వందలు కట్టి ఇట్లా ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నేను గొంతు పెంచబోతుంటే డ్రైవర్ అన్న "ఉండు సార్, చల్లనీళ్లు నేను చేసిస్తా" అన్నాడు.

ఆయన చేసిందేమిటంటే, క్యాన్ వాటర్‌ను రెండు స్టీలు చెంబుల్లో పోసి, పాత తువ్వాలు తడిపి చుట్టి, గాలి తగిలేచోట వేపకొమ్మకు కట్టాడు. బోరు నీళ్లు వద్దని నేనే చెప్పాను. మా నేలలో బోరు నీళ్ల ఉప్పదనం చుక్క పడితే చాలు, ఎంత ఖరీదైన విస్కీ అయినా మందులషాపు సిరప్‌లా అయిపోతుంది. ముప్పావుగంట తర్వాత చెంబు ముట్టుకుంటే చల్లగా ఉంది. ఐసంత కాదు, కుండనీళ్లంత.

ఆ రాత్రే సీసాల మూతలు తీశాం.

మొదట గ్లెన్‌ఫిడిక్. జింక బొమ్మ సీసా, ఆల్కహాలు 40 శాతం. స్కాట్లాండు విస్కీకి స్కాచ్ అని పేరు పెట్టాలంటే ఓక్ కట్టె పీపాలో కనీసం మూడేళ్లు ఉండాలి, ఇది పన్నెండేళ్లున్నది. నీళ్లు కలపకుండా చిన్న గుక్క. బేరిపండు వాసన, తేనె తీపి, గొంతులో ఎక్కడా పట్టుకోదు. పెద్దమనిషి తరహా. దానితో గొడవ పడ్డానికీ ఏమీ ఉండదు, ప్రేమలో పడ్డానికీ ఏమీ ఉండదు.

తర్వాత ఫ్యూజన్, 50 శాతం. రాగానే గొంతు పట్టుకుంది. చెంబులోంచి చెంచాడు నీళ్లు వేస్తే ఒక్కసారిగా విచ్చుకుంది. తొక్కతో ఉన్న నారింజ, కాల్చిన బెల్లం, వెనకాల పొగ. ఆ పొగ ఎక్కడిదంటే, ఇందులో మన బార్లీతో పాటు స్కాట్లాండులో పీట్ (బురదనేలల్లో మొక్కలు కుళ్లి గట్టిపడిన మట్టి) మంట మీద ఆరబెట్టిన బార్లీ కూడా కలుపుతారు. డ్రైవర్ అన్నకు గ్లాసు ఇచ్చి వాసన చూడమన్నాం, తాగమని కాదు. కళ్లు మూసుకుని పీల్చి "మా అవ్వ పొయ్యికాడ ఇట్లే ఉంటాంటది సార్, తడికట్టె పెట్టినప్పుడు" అన్నాడు. విస్కీ గురించి నేను చదివిన ఏ వర్ణనా అంత సూటిగా లేదు.

పన్నెండేళ్లదానికన్నా వయసే రాయని బెంగళూరుది ఎందుకు గాఢంగా ఉందని బావమరిది అడిగాడు. జవాబు వేపకొమ్మకు వేలాడుతోంది. తడిగుడ్డ ఆరేకొద్దీ చెంబు చల్లబడినట్టే, పీపా కూడా ఊపిరి పీలుస్తుంది. లోపలి సరుకు కట్టెలోకి చొచ్చుకుపోయి వస్తూ, కొంత గాల్లో కలుస్తుంది. దాన్ని దేవతల వాటా అంటారు. చలిదేశం స్కాట్లాండులో ఏటా రెండు శాతం దాకా పోతుంది, బెంగళూరులో పది నుంచి పన్నెండు. లెక్క వేసి చూశాం. ఏటా రెండు చొప్పున పన్నెండేళ్లు పోయినా నూటికి డెబ్బై ఎనిమిది మిగులుతుంది. ఏటా పది చొప్పున ఐదేళ్లకే యాభై తొమ్మిది. మన దేవతలకు దాహమెక్కువ అన్నాడు బావమరిది. అందుకే మన ఎండలో పన్నెండేళ్లు ఆగితే పీపాలో మిగిలేది తక్కువ, కట్టె చేదు ఎక్కువ. సీసా మీద అంకె చూసి కొనేవాళ్లకు ఈ లెక్క తెలియాలి. అమృత్‌వాళ్లు కంపెనీ పెట్టింది 1948లో, సింగిల్ మాల్ట్ (ఒకే చోట, మొలకెత్తించిన బార్లీతోనే చేసిన విస్కీ) బయటికి తెచ్చింది 2004లో, అదీ మొదట గ్లాస్గోలో. స్కాట్లాండువాళ్ల గుమ్మంలోకే పోయి అమ్మకానికి పెట్టడానికి గుండె కావాలి.

రంగు చూసి వయసు చెప్పగలనని బావమరిదికి ఒక నమ్మకం. స్కాచ్‌లో కూడా కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుందంటే కాసేపు మాట్లాడలేదు.

చివరగా ఓల్డ్ మాంక్. రెండు సింగిల్ మాల్టుల తర్వాత వెలవెలబోతుందేమో అనుకున్నా. వనిల్లా, ఎండుద్రాక్ష, బెల్లంపాకం, కాస్త దగ్గుమందు. 1954 నుంచి ఉన్న రమ్ము, 42.8 శాతం. నా లెక్కలో మన షాపుల్లో లేబుల్‌కూ లోపలి సరుకుకూ పేచీ తక్కువ ఉండేది రమ్ముకే. రమ్మంటే చెరకు సరుకు, అందులో ఉండేదీ మొలాసిసే, అంటే చక్కెర తీశాక మిగిలే చెరకు మడ్డి. మన చవక విస్కీల్లో చాలావాటికి మూలం కూడా ఆ మొలాసిసే, పైన కాస్త మాల్ట్ విస్కీ కలుపుతారు. యూరప్‌లో దాన్ని విస్కీ అనే పేరుతో అమ్మనివ్వరు. రుచి సంగతి వేరు, పేరు సంగతి వేరు. ఆ రాత్రి రమ్ములో కోలా పోయలేదు, చెంబునీళ్లే. ఐసు ఉండుంటే మూడింటినీ చల్లార్చి, నాలుక మొద్దుబారి, తేడాలేమీ పట్టుకోకుండా మింగేసేవాళ్లం. టెంటువాడి మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం పదిన్నరకు వచ్చిన చల్లారిన చపాతీలు చూశాక మళ్లీ పెరిగింది.

కడపలో గది కాస్త ఖరీదు, రెండు వేల నాలుగు వందలు. ఈ ప్రయాణంలో డబ్బుకు తగ్గ గది అదొక్కటే. కిటికీకి దోమల మెష్ ఉంది. పొద్దున్నే దేవుని కడప, మధ్యాహ్నం అమీన్ పీర్ దర్గా. సాయంత్రం పోయిన బార్‌లో అనంతపురం కథ పూర్తిగా తిరగబడింది. వెయిటర్ యాభై దాటిన మనిషి. గ్లాసులు తెచ్చి వెలుతురుకు ఎత్తి చూసి పెట్టాడు. ఐసు థర్మాస్‌లో. నేను ఒక ముక్క వాసన చూస్తుంటే నవ్వి "క్యాన్ నీళ్లతో చేసిందే నాయనా, చూసుకో" అన్నాడు. ముందు కూడా ఎవరో చూసుంటారు!

అక్కడ చుట్టూ టేబుళ్ల మీద ఎక్కువ బ్రాందీయే. మేమూ క్వార్టర్ చెప్పాం. బ్రాందీ అంటే అసలు ద్రాక్ష సరుకు. ఫ్రాన్సులో కోన్యాక్ ఊరి చుట్టుపక్కల చేసేదానికి ఇది దూరపు చుట్టం, అంతే. తియ్యగా, మెత్తగా, ముక్కుకు పెద్ద పని పెట్టకుండా పోయింది. అయితే నాటుకోడి పులుసు, రాగిసంగటి ముందు పెట్టుకున్నాక అర్థమైంది, ఆ కారం పక్కన ఫ్యూజన్ పెట్టుంటే రెండూ కొట్టుకు చచ్చేవి. పొగ, నారింజ ఏవీ కనపడవు, నోరంతా మంటే. బ్రాందీ తీపి కారాన్ని అణిచింది. మా వైపు మనుషులు తెలియక తాగడంలేదు, తిండికి తగ్గది తాగుతున్నారు. బావమరిది ఒప్పుకోలేదు, సంగటి తింటూనే వాదించాడు.

పొద్దున కారందోశ తిని మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా బయల్దేరాం. నంద్యాలలో ఉగ్గాని బజ్జీ. ఇల్లు చేరేసరికి ఫ్యూజన్ మూడొంతులు, గ్లెన్‌ఫిడిక్ సగం పైన మిగిలింది. ఓల్డ్ మాంక్ మాత్రం ఖాళీ. ఎవరెన్ని చెప్పినా ముందు అయిపోయింది అదే.

డబ్బులిచ్చి పంపుతుంటే డ్రైవర్ అన్న కాసేపు నసిగి, గ్లెన్‌ఫిడిక్ అట్టడబ్బా అడిగాడు. సీసా కాదు, డబ్బా. పోయిన వారం మళ్లీ ఆయన బండే పిలిస్తే, గేరు పక్కన నిలబెట్టుకుని ఉన్నాడు. అందులో టోల్ రసీదులు, ఒక స్క్రూడ్రైవరు, మడత పెట్టిన తువ్వాలు.