నెల్లూరులో ఆర్32 ఏసీకి గ్యాస్ ఎక్కించిన సర్వీస్: నా రివ్యూ

వేదాయపాళెం వైపు ఉన్న చిన్న ఏసీ సర్వీస్ షాపు గురించి ఇది. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి ఎందుకు తగ్గిందో చివర్లో చెప్తాను.

మాది ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ, ఆర్32 గ్యాస్. పోయిన ఎండాకాలం వేరే మెకానిక్ వచ్చి గేజు తగిలించి, సిలిండర్ తిప్పి, ప్రెజర్ చూసి "సరిపోయింది సార్" అని డబ్బులు తీసుకుని వెళ్లాడు. లీకు వెతకలేదు, ఎంత గ్యాస్ పోసిందీ తూకం లేదు, పైగా పైపుల పక్కనే సిగరెట్ వెలిగించాడు. ఈ రోహిణి కార్తెకి గ్యాస్ మళ్లీ ఖాళీ.

ఆర్32ని ఏ2ఎల్ తరగతిలో పెట్టారు, అంటే విషం తక్కువ, మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది. గాలిలో దాదాపు 14 శాతం చేరితే గానీ అంటుకోదు, అంటుకున్నా మంట నెమ్మదిగా పాకుతుంది, కాబట్టి ఇంట్లో ఏసీ ఉందని భయపడక్కర్లేదు. కానీ ఇది గాలి కంటే బరువు, మూసిన గదిలో లీకైతే నేల దగ్గర పేరుకుంటుంది, కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. జాగ్రత్త అంతా రిపేరు చేసేటప్పుడే కావాలి.

ఈ షాపు కుర్రాడు వచ్చీ రాగానే ఏసీకి కరెంటు వచ్చే ఎంసీబీ స్విచ్ ఆపేశాడు, కిటికీలన్నీ తీయించాడు, "అమ్మా, దేవుడి దగ్గర దీపం కాసేపు కొండెక్కిద్దామా" అని అమ్మను అడిగాడు. పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తలుపు దగ్గర పెట్టుకున్నాడు. మిగిలిన గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా రికవరీ మెషిన్‌తో వేరే సిలిండర్లోకి లాగాడు. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే భూమిని వేడెక్కించే లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌ని 1 అనుకుంటే పాత ఏసీల్లోని ఆర్410ఏ గ్యాస్ 2088, ఇది 675, తక్కువే, కానీ సున్నా కాదు కదా, ఊరికే వదిలేస్తే ఇక తక్కువ కాలుష్యం గ్యాస్ కొని లాభమేంటి.

తర్వాత లీకు వెతకడానికి పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగు రాస్తే ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఫ్లేర్ నట్‌లో (వెడల్పు చేసిన పైపు చివరను బిగించే నట్) బుడగలు వచ్చాయి. పైపు చివర కోసి కొత్త ఫ్లేర్ చేసి, టార్క్ రెంచ్‌తో బిగించాడు, వెల్డింగ్ అవసరం పడలేదు. ఒకవేళ వెల్డింగ్ చేయాల్సి వస్తే లోపల గ్యాస్ మొత్తం తీసి నైట్రోజన్ పంపాకే టార్చ్ వెలిగిస్తామన్నాడు. పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు పెట్టి, లోపల ఇంకా ఎంత మిగిలిందో చూపే మైక్రాన్ గేజు 500 కిందకు వచ్చేదాకా వదల్లేదు, వాల్వ్ మూసి ఆ రీడింగ్ నిలబడుతుందో లేదో కూడా చూశాడు. తేమ మిగిలితే ఆయిల్ పాడై కంప్రెసర్ పోతుందట. ఆఖర్న సిలిండర్‌ని కాటా మీద పెట్టి, యూనిట్ మీద రాసి ఉన్న గ్రాములు, మా పైపు పొడవుకి కంపెనీ పుస్తకంలో చెప్పిన అదనం కలిపి, అంతే ఎక్కించాడు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ప్రెజర్ చూసి గ్యాస్ ఎంతుందో చెప్పలేమని, తూకమే నమ్మకమని వివరంగా చెప్పాడు.

అమ్మ గదిలో ఆర్22 అనే పాత రకం గ్యాస్‌తో నడిచే ఏసీ ఉంది. అందులో కూడా ఈ గ్యాసే పోసేయమని అడిగితే ఒప్పుకోలేదు. ఆర్32 ప్రెజర్ చాలా ఎక్కువ, ఆ మిషన్ దానికి తయారు చేసింది కాదు, లోపలి స్విచ్చులు, వైర్లు కూడా మండే గ్యాస్‌ని దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కావు అన్నాడు. వచ్చే డబ్బు వదులుకుని అలా చెప్పినందుకు ఆ అబ్బాయి మీద గౌరవం పెరిగింది.

ఇక మైనస్‌లు. పొద్దున వస్తామని సాయంత్రం వచ్చారు, ఫోన్ కూడా చేయలేదు. మామూలు టాపప్‌కి దాదాపు రెట్టింపు అయ్యింది, లీకు సరిచేసినందుకు చార్జీ వేరే అని ముందే చెప్పలేదు, బిల్లు చూశాకే తెలిసింది. పని చూశాక డబ్బు దండగ అనిపించలేదు గానీ మొదటే చెప్పాల్సింది.

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వాళ్లకి రానూపోనూ చార్జీ అదనం. ఎండాకాలంలో రద్దీ ఎక్కువ, మార్చిలోనే చెప్పి పెట్టుకోండి. వేరే ఎవరిని పిలిచినా ఫోన్లోనే "కాటా, వాక్యూమ్ పంపు తెస్తారా" అని అడగండి, తేము అంటే పిలవకండి.