యూనికోడ్ మైనస్ గుర్తు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

గణిత అభ్యాస పత్రాలు, పట్టికలు తయారు చేయడం నా రోజువారీ పని. తొమ్మిదేళ్లుగా వాటిలో తీసివేతకూ, రుణ సంఖ్యలకూ కీబోర్డు మీద సున్నా పక్కనున్న చిన్న గీతను వాడడం మానేసి, ప్రపంచ భాషల అక్షరాలకూ, గుర్తులకూ ఒక్కో కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో 2212 అనే హెక్సాడెసిమల్ (0 నుంచి 9 దాకా అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా ఆంగ్లాక్షరాలనూ అంకెలుగా వాడే పద్ధతి) కోడ్ ఉన్న అసలు మైనస్ గుర్తునే వాడుతున్నాను. చదివేవారి కోసం రాసే ప్రతిచోటా ఇది ఉండవలసిందేనని నా నిశ్చితాభిప్రాయం. లెక్క కట్టే యంత్రానికి మాత్రం దీన్ని ఇవ్వకూడదు.

సున్నా పక్కనున్న మీట నొక్కితే వచ్చేది కంప్యూటర్ అక్షర పట్టికలో 45వ నంబరు అక్షరం. 1963లో వెలువడిన, కంప్యూటర్ అక్షరాలకు నంబర్లు కేటాయించే ఆస్కీ ప్రమాణంలో స్థానాలు పరిమితం కనుక, పదాలను కలిపే హైఫన్‌కూ, తీసివేతకూ ఆ ఒక్క గీతే దిక్కయింది. యూనికోడ్ దాని పేరును హైఫన్-మైనస్ అనే ఉంచి, మైనస్‌కు గణిత క్రియల విభాగంలో వేరే స్థానం ఇచ్చింది.

తేడా కంటికి తెలుస్తుంది. -7 + 3 అని ఒకసారి, −7 + 3 అని ఒకసారి రాసి పక్కపక్కన పెట్టి చూడండి. చాలా ఫాంట్లలో మొదటి గీత పొట్టిగా, కాస్త కిందికి ఉంటుంది. రెండోది ప్లస్ గుర్తు అడ్డగీతతో సమానమైన వెడల్పుతో, అదే ఎత్తులో నిలుస్తుంది. ఘాతాంకాల్లో అక్షరం చిన్నదయ్యేసరికి పొట్టి గీత ముద్రణలో దాదాపు కనబడకుండా పోతుంది, అప్పుడు విద్యార్థి రుణ ఘాతాన్ని ధన ఘాతంగా చదివే ప్రమాదం ఉంది.

టైపు చేయడమే దీని అసలు కష్టం. వర్డ్‌లో 2212 అని కొట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే గుర్తు వస్తుంది. అయితే దాని ముందు 7 అనే అంకె గానీ, బీజగణితంలో నిత్యం వచ్చే ఎ, బి, సి అనే ఆంగ్లాక్షరాలు గానీ ఖాళీ లేకుండా ఉంటే, అవి కూడా హెక్సాడెసిమల్ అంకెలే కనుక వర్డ్ వాటినీ కోడ్‌లో కలిపేసుకుంటుంది. నాలుగు అంకెలను మాత్రమే ఎంపిక చేసి నొక్కడం అలవాటయ్యేదాకా నేను ఎన్నోసార్లు చిరాకుపడ్డాను. ఆల్ట్‌తో పాటు సమాన గుర్తు మీట నొక్కితే తెరుచుకునే సమీకరణ పెట్టెలో ఈ బాధ లేదు, అక్కడ మామూలు గీత కొట్టినా మైనస్‌గా మారుతుంది. గణిత పత్రాలను ముద్రణకు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లోని గణిత విధానమూ అంతే. అనేక లినక్స్ డెస్క్‌టాప్‌లలో కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి, 2212 కొట్టి ఎంటర్ నొక్కాలి.

ఒకసారి ఉష్ణోగ్రతల పట్టికను పత్రం నుంచి ఎక్సెల్‌లోకి అతికించి సగటు తీస్తే, రావలసినదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. సూత్రాన్ని మూడుసార్లు సరిచూసినా తప్పు దొరకలేదు. చివరికి రుణ సంఖ్యలన్నీ గడికి ఎడమవైపు, మిగిలినవి కుడివైపు ఉన్నాయని గమనించాను: మైనస్ గుర్తు ఉన్నవాటిని ఎక్సెల్ సంఖ్యలుగా కాక పాఠ్యంగా తీసుకుని, సగటు లెక్కలోంచి వదిలేసింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇంతకన్నా నయం. ప్రోగ్రాములో ఈ గుర్తు కనబడగానే చెల్లని అక్షరమని చెప్పి ఆగిపోతుంది. మౌనంగా తప్పు లెక్క చూపడం కన్నా ఆగిపోవడమే నాకు ఇష్టం.

వెతకడంలోనూ ఇబ్బంది ఉంది. చాలా ఎడిటర్లలో మామూలు గీతతో -5 అని వెతికితే −5 దొరకదు. అందుకే ఇప్పుడు మూల గణాంకాల ఫైలులో 45వ అక్షరాన్నే ఉంచి, ముద్రణకు వెళ్లే ప్రతిలో మాత్రమే దాన్ని మార్చుతున్నాను. అదీ ఒకేసారి అన్నిచోట్లా కాదు. తేదీల మధ్య గీతలు, ఫోన్ నంబర్ల మధ్య గీతలు మైనస్‌లు కాకూడదు కనుక, ఒక్కొక్కటీ చూసి మార్చుతాను.