కీచుమనే సిగ్నల్ ఫైండర్, మూడేళ్లు వాడాక

డిష్ ఎటు తిప్పితే సిగ్నల్ పెరుగుతుందో ముల్లుతో, కూతతో చెప్పే ఈ ఫైండర్ మీద నాకున్న ప్రేమంతా దాని కీచుశబ్దం మీదే. మా ఇంట్లో యాంటెన్నా తిప్పడమంటే చిన్నప్పటి నుంచి ఇద్దరి పని. నాన్న డాబా మీద, నేను టీవీ ముందు. "వచ్చిందా?" "వచ్చింది... పోయింది!" "ఇప్పుడో?" ఈ కేకల పుణ్యమా అని మా టీవీలో బొమ్మ ఎలా ఉందో పక్కింటివాళ్లకి కూడా తెలిసిపోయేది. అలాంటిది అరచేతిలో పట్టే పెట్టె ఒకటి, నాలుగొందలకి, తనంతట తానే కూసి చెబుతుందంటే కొనకుండా ఎలా ఉంటాను?

2022లో దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెట్టించాం. నెలనెలా కట్టేదేమీ లేదు, కాబట్టి ఫోన్ చేసి పోట్లాడటానికి కంపెనీవాడూ లేడు. దుకాణం కుర్రాడు డిష్ బిగించి, తెర మీద స్ట్రెంగ్త్ 85 చూపించి "సూపర్ సిగ్నల్ సార్" అని డబ్బులు తీసుకుని వెళ్లాడు. దాని కిందే క్వాలిటీ 46 అని ఉంది. చూశాను కానీ దాని అర్థం అప్పటికి నాకు తెలియదు. తొలకరి జల్లుకే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయింది.

ఆ స్ట్రెంగ్త్ అంకె మీద నాకు ఇప్పటికీ కోపమే. డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న పెట్టెకి, అంటే ఎల్‌ఎన్‌బీకి, కరెంటు అందుతూ, మధ్యలో వైరు బాగుంటే చాలు, డిష్‌ని ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు వైపు తిప్పినా అది పెద్ద అంకే చూపిస్తుంది. బొమ్మ నిలబడేది క్వాలిటీ మీద, అంటే మన సిగ్నల్ ఎంత శుభ్రంగా అందుతోందన్న దాని మీద. వాన పడితే తగ్గేదీ అదే, అందుకే ఎండ రోజునే అది బాగా పైన ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా కొత్తగా డిష్ బిగిస్తుంటే ఆ రెండో గీత చూశాకే డబ్బులివ్వండి.

సరే, ఫైండర్ కొన్నాను. ఎల్‌ఎన్‌బీ నుంచి వచ్చే వైరు ఒకవైపు, టీవీ దగ్గరి సెట్‌టాప్ బాక్స్‌కి వెళ్లే వైరు రెండోవైపు బిగించాలి. బ్యాటరీ అక్కర్లేదు, బాక్స్ నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుంది. (వైర్లు మార్చేటప్పుడు మాత్రం బాక్స్ ఆపేయండి. వైరు లోపలి రాగి తీగ, దాని చుట్టూ ఉన్న జల్లెడలాంటి లోహపు అల్లికకి తగిలితే బాక్స్‌కే చేటు.) మొదటి రోజు డిష్‌ని కొద్దికొద్దిగా కదుపుతుంటే కూత పెరిగింది, క్వాలిటీ 60 దాటింది. ఆ వారంలోనే నలుగురికి చెప్పాను కొనమని. ఇద్దరు కొన్నారు కూడా. ఆ ఇద్దరికీ కిందిది చెప్పాల్సిన బాకీ ఉండిపోయింది.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. చెట్లూ స్తంభాలూ పడిపోయినచోట డిష్ పక్కకి తిరగడం ఒక లెక్కా. కరెంటు వచ్చాక తీరిగ్గా ఫైండర్ పట్టుకుని ఎక్కాను, ఒక్కణ్ణే, కాస్త గర్వంగానే. పది నిమిషాల్లో ముల్లు చివరికంటా వెళ్లింది, చెవులు గింగురుమనేలా కూత. కూత ఎంత పలకాలో సర్దే నాబ్ తగ్గించి మళ్లీ వెతికాను, అదే చోట పూర్తి కూత. బోల్టులు బిగించి కిందికి దిగితే స్ట్రెంగ్త్ 92, క్వాలిటీ 20కీ 30కీ మధ్య గెంతుతోంది.

మూడుసార్లు ఎక్కి దిగాను. మూడోసారి అమ్మని టీవీ ముందు కూర్చోబెట్టాను. డిష్ అంచుని కుడివైపుకి, అంటే దక్షిణానికి, అర అంగుళం కూడా లేనంత జరిపాను. కూత తగ్గింది. కింద నుంచి అమ్మ: "ఒరేయ్, నలభై అయిందిరా!" ఇంకొంచెం జరిపితే కూత ఇంకా తగ్గింది. "యాభై రెండు!"

కూత తగ్గుతుంటే క్వాలిటీ పెరగడమేమిటో అప్పటికి అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. ఒకటిన్నర డిగ్రీ పక్కన, 95 దగ్గర, డిష్ టీవీ ఉపగ్రహాలు ఉన్నాయి. చిన్న డిష్‌కి ఆ ఇద్దరూ దాదాపు ఒకే గుమ్మంలో నిలబడ్డట్టు కనిపిస్తారు. ఈ పెట్టె వచ్చిన శక్తినంతా కలిపి కొలుస్తుంది తప్ప ఎవరి నుంచి వచ్చిందో దానికి తెలియదు. అది అంత ఆనందంగా కూసింది పక్కవాళ్లని చూసి!

అదే రోజు ఇంకో సంగతి బయటపడింది. ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే కొంచెం మెలితిప్పితే క్వాలిటీ 52 నుంచి 68కి వెళ్లింది, ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ మెలిక సంగతి ఫైండర్‌కి అసలు పట్టదు.

ఇంత తిట్టినా దాన్ని పారేయలేదు, కారణం ఉంది. నిరుడు చానెళ్లన్నీ ఒక్కసారిగా పోతే, దీన్ని ఎల్‌ఎన్‌బీ పక్కనే తగిలించాను. లైటు కూడా వెలగలేదు. అంటే పైదాకా కరెంటే రావట్లేదు. వెతుక్కుంటూ వస్తే సన్‌షేడ్ దగ్గర వైరు అతుకు సముద్రపు గాలికి తుప్పు పట్టి పొడిపొడిగా రాలింది. పాతిక రూపాయల కనెక్టర్‌తో పోయింది. ఇది లేకపోతే ఎల్‌ఎన్‌బీ మార్చేవాణ్ణే. ఇంకోసారి మాత్రం తప్పు నాదే. పని అయ్యాక దీన్ని తీయకుండా నెల రోజులు లైన్లోనే వదిలేశాను. నీళ్లు దిగి ముల్లు అప్పుడప్పుడూ అతుక్కుంటోంది, వేలితో తట్టాలి.

మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబరు చివర్లో, పగలు పదకొండు ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ పోతే మాత్రం డిష్ జోలికి వెళ్లకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, కాసేపటికి తనే జరుగుతాడు. నేను ఒక ఏడాది బోల్టులు విప్పి కూర్చున్నాను.

కొనొచ్చా అంటే, మాలా సముద్రానికి దగ్గర్లో, మెట్లెక్కితే డిష్ అందే సొంత డాబా ఉన్నవాళ్లకి నాలుగొందలు దండగ కాదు. అపార్ట్‌మెంట్లో ఉండి, నెలకి కట్టే కనెక్షన్ ఉన్నవాళ్లు వాళ్ల మనిషినే పిలుచుకోవచ్చు. ఉపగ్రహం ఏదో చెప్పే డిజిటల్ మీటర్లు ఉన్నాయి, వేలల్లో ధర. ఏడాదికి రెండుసార్లు ఎక్కే నాకు అంత అవసరం లేదు. ఇప్పుడు ఉపగ్రహం దగ్గరికి వెళ్లేదాకా కూతని నమ్ముతాను, ఆ తర్వాత క్వాలిటీ గీతకి ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో కాల్‌లో చూసుకుంటాను. అమ్మకి ఆ ఫోన్ మీద నమ్మకం లేదు. సప్తగిరి కార్యక్రమం పోతుందన్న టెన్షన్‌తో పక్కనే నిలబడి అంకెలు అరిచి చెబుతూనే ఉంటుంది, ఫోన్ కన్నా ముందే.