కొత్త కంప్యూటర్‌లో జెంటూనా, ఎల్‌ఎఫ్‌ఎస్సా?

రెడీమేడ్‌గా కాకుండా సోర్స్ కోడ్ నుంచి మనమే కంపైల్ చేసి (అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి) లినక్స్ కట్టుకోవడానికి జెంటూ, లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ (ఎల్‌ఎఫ్‌ఎస్) అనే దారులున్నాయి. ఏది ఎంచుకోవాలో ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ కంప్యూటర్ మీద రోజూ పని చేసుకోవాలా, లేక లినక్స్ లోపల ఏముందో చూడాలా?

చూడాలనుకుంటే లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్‌ని మించింది లేదు. 1999లో గెరార్డ్ బీక్‌మన్స్ మొదలుపెట్టిన ఈ ఎల్‌ఎఫ్‌ఎస్ నిజానికి ఒక పుస్తకం. ఇన్‌స్టాలర్ ఉండదు. ఇంకో లినక్స్‌లో కూర్చుని ముందు టూల్‌చెయిన్ (కంపైల్ చేసే పనిముట్ల సెట్), తర్వాత గ్లిబ్‌సీ అనే లైబ్రరీ, జీసీసీ అనే కంపైలర్ అంటూ ఒక్కొక్కటే చేత్తో కట్టాలి. సమయాన్ని గంటల్లో చెప్పదు. మీ మెషీన్‌లో బైన్‌యుటిల్స్ అనే ప్యాకేజీ మొదటిసారి కంపైల్ కావడానికి పట్టినంత సేపే ఒక యూనిట్. వంటింట్లో గ్లాసు కొలతలాగా, ఎవరి గ్లాసు వారిది.

చిక్కంతా కట్టాక మొదలవుతుంది. అందులో ప్యాకేజ్ మేనేజర్ (ప్రోగ్రాములను వేసి, అప్‌డేట్ చేసిపెట్టే సాధనం) లేదు. రేపు ఎన్‌క్రిప్షన్ చూసుకునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం బయటపడితే, అప్‌డేట్ బాధ్యత పూర్తిగా మీదే.

జెంటూలో ఆ చాకిరీ దాని ప్యాకేజ్ మేనేజర్ పోర్టేజ్ చూసుకుంటుంది. స్టేజ్3 అనే ప్రాథమిక సిస్టమ్ ఫైల్ విప్పి, మేక్.కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో మనకేం కావాలో రాస్తే చాలు. బ్లూటూత్ వద్దనుకుంటే యూజ్ ఫ్లాగ్‌లో (ఏ ఫీచర్ కావాలో, వద్దో చెప్పే సెట్టింగ్‌లో) దాని ముందు మైనస్ పెట్టడమే. ప్రాసెసర్‌కి తగ్గట్టు కంపైల్ చేస్తే వేగం దూసుకుపోతుందని ఆశపడకండి, మామూలు వాడకంలో నాకు పెద్దగా తేడా తెలియలేదు. అసలు లాభం ఈ ఎంపికలోనే ఉంది.

నేను చేసిన తప్పు చెప్తాను. ప్రాసెసర్‌కి 16 థ్రెడ్లున్నాయి కదా అని మేక్ఆప్ట్స్ సెట్టింగ్‌లో జే16 పెట్టి, అంటే ఒకేసారి 16 కంపైల్ జాబ్‌లు నడపమని చెప్పి పడుకున్నాను. ర్యామ్ 16 జీబీ. పొద్దున లేచేసరికి బ్రౌజర్ బిల్డ్ మధ్యలో మెమరీ చాలక చచ్చిపోయి ఉంది. ఒక్కో జాబ్‌కి సుమారు 2 జీబీ ఉండాలన్నది జెంటూ వాళ్ల లెక్క. జే8కి దించాక టెన్షన్ తగ్గింది.

ఇంకో మాట. 2023 డిసెంబర్ నుంచి జెంటూ తన బైనరీ ప్యాకేజీలను (ముందే కంపైల్ చేసినవాటిని) బాగా పెంచింది. గెట్‌బిన్‌పీకేజీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే లిబ్రేఆఫీస్ లాంటి భారీవి రెడీమేడ్‌గా దిగుతాయి. మన ఫ్లాగులు వాటితో కలవకపోతేనే కంపైల్. 'అది మోసం కదా' అనేవాళ్లున్నారు. నాకైతే కాదు.

కాబట్టి కొత్త డిస్క్ మీద జెంటూ వేసుకోండి. మొదటి బూట్‌కి జెంటూ-కెర్నల్-బిన్ అనే రెడీమేడ్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) పెట్టండి. సొంత కెర్నల్ సరదా తర్వాత తీర్చుకోవచ్చు, అప్పుడు డిస్క్‌ని నడిపే ఎన్‌వీఎంఈ డ్రైవర్ టిక్ మాత్రం తీసేయకండి. ఎల్‌ఎఫ్‌ఎస్ అదే కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది. నాది ఇంకా జీసీసీ రెండో విడత దగ్గరే ఉంది.