ఫర్ ద క్వీన్ ఆడాం, ఆ పద్ధతిలోనే సొంత గేమ్ చేసుకున్నాం

అలెక్స్ రాబర్ట్స్ చేసిన ఫర్ ద క్వీన్ అనే, కలిసి కూర్చుని కథ అల్లుకునే కార్డ్ గేమ్ గురించి చాలా రోజుల్నించి రాద్దామనుకుంటున్నా. 2019లో ఈవిల్ హ్యాట్ వాళ్ళు వేశారు, 2024లో డారింగ్టన్ ప్రెస్ నుంచి కొత్త ఎడిషన్ వచ్చింది. డైస్ లేవు, కథ నడిపించే గేమ్ మాస్టర్ లేడు, రూల్స్ కూడా కార్డ్‌ల మీదే ఉంటాయి, తలా ఒకటి పైకి చదివేస్తే ఆట మొదలైపోయినట్టే. దేశం యుద్ధంలో ఉంది, పొత్తు కోసం రాణి దూరదేశం బయల్దేరింది, వెంట మనం. కార్డ్ తియ్యాలి, ప్రశ్నకి జవాబు చెప్పాలి, వద్దనుకుంటే పక్కవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు. కథలో ఏదైనా ఇబ్బందిగా అనిపిస్తే ఎక్స్ కార్డ్ ముట్టుకుంటే చాలు, ఆ ముక్క తీసేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు.

అసలు గొప్పతనం ప్రశ్నల్లో ఉంది. రాణి మీద కోపముందా అని అడగదు, ఉందనేసుకుని ఎందుకో చెప్పమంటుంది. ఇది నాకు ఆడినప్పుడు కాదు, సొంతంగా గేమ్ రాయబోతే తెలిసొచ్చింది. ఈ పద్ధతిలో ఎవరైనా గేమ్ చేసుకోవచ్చు, అలాంటివాటిని డిసెండెడ్ ఫ్రమ్ ద క్వీన్ అంటారు. నేను ఎబెరాన్ తీసుకున్నా. 2002లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్ళు తమ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్‌కి కొత్త సెట్టింగ్, అంటే కథలు జరిగే కల్పిత ప్రపంచం, కోసం పోటీ పెడితే 11,000కి పైగా ఎంట్రీల్లోంచి గెలిచిన కీత్ బేకర్ ప్రపంచం అది. అందులో సైర్ అనే దేశం ఆ ప్రపంచపు లెక్కలో 994లో ఒక్కరోజులో నాశనమైపోతుంది, ఎందుకో ఎక్కడా చెప్పరు, కావాలనే వదిలేశారు. ప్రశ్నలతో నడిచే ఆటకి ఇంతకన్నా ఏం కావాలి! సైర్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు, గాల్లో తేలుతూ పోయే లైట్నింగ్ రైల్ పెట్టెలో ఒక రాత్రి, ఇదీ నా గేమ్.

మొదటిసారి "సైర్‌ని ఎవరు నాశనం చేశారు?" లాంటి కార్డ్‌లు రాశా, సెట్టింగ్ తెలిసినవాళ్ళు గంటసేపు వాదించుకున్నారు, తెలియనివాళ్ళు ఫోన్లు చూసుకున్నారు, కథ పుట్టనేలేదు. అవన్నీ తీసేసి మళ్ళీ రాశా. ఒకటి ఇలా: "నీ జేబులో తాళంచెవి ఉంది, ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఎందుకు పారెయ్యలేదు?"

అది మా అక్కకి వచ్చింది. కాసేపు కార్డ్ తిప్పుతూ కూర్చుని, "మా ఇంటిది కాదు, పక్కింటివాళ్ళు ఊరెళ్తూ మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఇచ్చారు" అంది. బావ మెల్లగా "పోశావా?" అని అడిగాడు. ఎబెరాన్ పేరు కూడా అంతకుముందు వినని మనిషి మా అక్క.

కార్డ్‌లు ఇంగ్లీష్‌లో ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళతో ఆడితే మీరే చదివి తెలుగులో చెప్పాలి. ఫైట్లు, లెవెల్స్ కావాలనుకునేవాళ్ళకి ఇది నచ్చదు. గేమ్ రాయాలని ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఈ డెక్ కొనండి, కనీసం రెండుసార్లు ఆడండి. చివరి కార్డ్ ఎంత కిందపెడితే ఆట అంత సాగుతుంది, అందులో రాణి మీద దాడి జరుగుతుంది, కాపాడతావా లేదా అని ఒక్కొక్కరూ చెప్పాలి. నా గేమ్‌లో ఆ చోట "రైలు ఆగింది, దిగుతావా?" అని పెట్టా. అక్క దిగనంది.