యూజర్ క్యాలా, డివైజ్ క్యాలా? ఎస్‌బీఎస్ 2003 ఉన్న ఆఫీసుకి ఏది మేలు

చిన్న ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ స్మాల్ బిజినెస్ సర్వర్ (ఎస్‌బీఎస్) 2003తో పాటే 5 క్యాల్స్ (సర్వర్ వాడుకునే లైసెన్సులు) వచ్చేవి. అంతకు మించి కావాలంటే విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది, మొత్తం మాత్రం 75 దాటకూడదు. కొనేముందే తేల్చుకోవాల్సింది ఒకటుండేది: లైసెన్సు మనిషి పేర (యూజర్ క్యాల్) తీసుకోవాలా, మెషీన్ పేరనా (డివైజ్ క్యాల్)?

మూడు షిఫ్టుల్లో 12 మంది మారుతూ 4 కంప్యూటర్ల మీదే పనిచేసే బిల్లింగ్ కౌంటర్ ఉందనుకోండి. డివైజ్ క్యాల్స్ 4 చాలు. యూజర్ క్యాల్స్ అయితే 12 కొనాలి. ఇలాంటి చోట ఇక ఆలోచించేదేమీ లేదు.

మిగతా ఆఫీసులన్నిటికీ నా ఓటు యూజర్ క్యాల్‌కే. ఒకే ఉద్యోగి సీట్లో డెస్క్‌టాప్ వాడతాడు, ఇంటికెళ్లి సొంత ల్యాప్‌టాప్‌లో అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్ (బ్రౌజర్లో ఆఫీసు మెయిల్) తెరుస్తాడు, ఫోన్లోనూ మెయిల్ చూసుకుంటాడు. అతనికి యూజర్ క్యాల్ ఒక్కటి సరిపోతుంది, డివైజ్ లెక్కన మూడు కావాలి. ఇంటి ల్యాప్‌టాప్ కూడా లెక్కలోకి వస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. రెండు రకాలూ కలిపి వాడుకోవచ్చు కూడా.

ఏది కొన్నా, సర్వర్లోని సర్వర్ మేనేజ్‌మెంట్ అనే టూల్‌లో లైసెన్సింగ్ పేజీకి వెళ్లి లైసెన్సుల బ్యాకప్ తీసి, ఆ ఫైలును వేరే డిస్కులో దాచండి. ఏ రకం ఎన్ని కొన్నారో చెప్పే కాగితాలు దాని పక్కనే ఉంచండి. లైసెన్సులు మించితే సర్వరే లెక్కపెట్టి ఆపడం ఎస్‌బీఎస్ 2008 నుంచి పోయింది, 2003లో మాత్రం ఆపుతుంది.